లాఖ్: ఒక గేలిక్ నీటిమాట పుట్టుక, అర్థాలు, చుట్టరికాలు (తరచుగా అడిగే ప్రశ్నలు)

లాఖ్ అంటే సరస్సేనా?

సరస్సే, కానీ సరస్సు ఒక్కటే కాదు. స్కాట్లండ్‌లోని గేలిక్‌లోనూ, ఐర్లండ్‌లోని ఐరిష్‌లోనూ నేల చుట్టుముట్టగా నిలిచిన నీటిని లాఖ్ అంటారు. ఆ నీరు పూర్తిగా నేల మధ్యనే ఉండవచ్చు, లేదా ఒక పక్క సముద్రంలోకి తెరుచుకుని ఉండవచ్చు; మంచినీరు కావచ్చు, ఉప్పునీరూ కావచ్చు. స్కాట్లండ్ పడమటి తీరంలోని లాఖ్ ఫైన్, లాఖ్ ఎటివ్, లాఖ్ లాంగ్ అనేవి సముద్రం కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన పాయలు. లాఖ్ లాంగ్‌కు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉన్న లాఖ్ లోమండ్ మాత్రం అచ్చమైన మంచినీటి సరస్సు. సుమారు 71 చదరపు కిలోమీటర్లతో గ్రేట్ బ్రిటన్ ద్వీపంలో వైశాల్యంలో మొదటిది అదే. ఈ రెండు రకాలకూ పేరు ఒక్కటే. విడదీసి చెప్పవలసి వచ్చినప్పుడు గేలిక్‌లో ఉప్పునీటిదాన్ని "సముద్రపు లాఖ్" అనే అర్థంలో లాఖ్ మారా అంటారు.

ఈ మాట గురించి వచ్చే అపోహలలో సగం ఇక్కడే పుడతాయి. లాఖ్ అనగానే "లేక్" అని అనువదించుకుని, మ్యాపులో సముద్రంతో కలిసిన లాఖ్ కనబడగానే తప్పు పడిందనుకునేవారు ఉన్నారు. తప్పేమీ లేదు. నీరు తీపా ఉప్పా అన్న విషయంతో ఈ మాటకు పట్టింపు లేదు. నేల దాన్ని ఎంతవరకు ఆవరించి ఉన్నదన్నదే దాని పట్టింపు.

దీన్ని ఎలా పలకాలి? తెలుగులో "లోచ్" అని కూడా కనిపిస్తుంది కదా?

"లోచ్" అనేది ఇంగ్లీషు అక్షరాలను చూసి రాసిన రూపం. అలా ఎవరూ పలకరు. చివరనున్న ధ్వని గొంతు వెనుక భాగంలో గాలి ఒరుసుకుంటూ వచ్చేది. అచ్చ తెలుగులో ఆ ధ్వని లేదు. మన "ఖ" గాలిని ఒకసారి ఆపి వదిలే అక్షరం. గేలిక్ ధ్వనిలో గాలి ఆగదు. అయితే హైదరాబాదులో పెరిగినవారికి ఇది కొత్త కాదు. ఉర్దూ మాట్లాడే ఇరుగుపొరుగు "ఖుష్", "ఖబర్" అన్నప్పుడు వినిపించే మొదటి ధ్వని ఇదే. దక్కనీలోనైతే "ఖాఫ్" అక్షరం కూడా ఈ ధ్వనిలోనే కలిసిపోయింది కనుక అది అక్కడ మరింత తరచుగా వినిపిస్తుంది. అందుకే ఈ పేజీలో లాఖ్ అనే రూపాన్ని వాడుతున్నాము. ఇంగ్లండ్‌లో చాలామంది "లాక్" అనే అంటారు. స్కాట్లండ్ వారికి ఆ తేడా వెంటనే వినిపిస్తుంది.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

పాత ఐరిష్‌లో ఈ మాట ఇదే రూపంలో ఉంది. దానికి వెనుక, గేలిక్, ఐరిష్, వెల్ష్ వంటి కెల్టిక్ భాషలన్నిటికీ మూలమైన భాషలో "లొకు" వంటి రూపాన్నీ, ఇంకా వెనుక, ఐరోపా భాషల్లో, ఉత్తర భారత భాషల్లో చాలావాటికి తల్లి అయిన ఇండో-యూరోపియన్ మూలభాషలో "లొకుస్" వంటి రూపాన్నీ భాషాశాస్త్రజ్ఞులు పునర్నిర్మించారు. ఈ మూలరూపాలు ఏ శాసనంలోనూ రాసి దొరికినవి కావు. పిల్లభాషల్లోని మాటలను పక్కపక్కన పెట్టి, ధ్వనులు మారే క్రమాన్ని బట్టి వెనక్కి లెక్క కట్టినవి.

ఆ పిల్లభాషల వరుస చాలా పెద్దది. లాటిన్‌లో "లాకుస్" అంటే సరస్సు. కానీ ద్రాక్షరసం పట్టే తొట్టిని, రోము వీధుల్లో జనం నీళ్లు పట్టుకునే రాతి తొట్టిని కూడా ఆ మాటతోనే పిలిచారు. గ్రీకులో "లాక్కోస్" అంటే గొయ్యి, నీళ్లు నిలవచేసే గుంట. సెర్బో-క్రొయేషియన్‌లో "లోక్వా" అంటే నీటి మడుగు, వాన నీరు నిలిచిన గుంట. పాత ఇంగ్లీషులో "లాగు" అంటే సముద్రం, నీరు. ఆ కాలపు రూన్ లిపిలో "ల" ధ్వనికి వాడిన అక్షరం పేరు కూడా అదే. వైకింగుల భాష అయిన పాత నార్స్‌లో దానికి సరిజోడు "లోగ్ర్". ఐస్‌లాండ్ తూర్పు భాగంలోని లోగురిన్ అనే సరస్సు పేరులో అది నేటికీ బతికి ఉంది.

ఒకే మాట ఒకచోట సముద్రమై, మరోచోట తొట్టియై, ఇంకోచోట వాన గుంట కావడం వింతగా తోచవచ్చు. కానీ వీటన్నిటినీ కలిపే భావం ఒకటుంది: పల్లంలో, గోతిలో నిలిచిన నీరు. కొన్ని భాషలు గోతిని పట్టుకున్నాయి, కొన్ని నీటిని పట్టుకున్నాయి. గ్రీకు మొదటి దారిలో చాలా దూరం వెళ్లింది, పాత ఇంగ్లీషు రెండో దారిలో వెళ్లింది. గేలిక్ రెండింటినీ వదలలేదనే నాకు అనిపిస్తుంది. లాఖ్ అన్నప్పుడు నీటితోపాటు దాన్ని పట్టి ఉంచిన కొండల ఒడ్డు కూడా ఆ అర్థంలో భాగమే.

ధ్వనుల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే చుట్టరికానికి అసలు సాక్ష్యం అదే. మూలంలోని "క" లాటిన్‌లో మారకుండా నిలిచింది. ఐరిష్‌లో రెండు అచ్చుల మధ్య చిక్కిన "క" ఒరుసుకునే "ఖ"గా మారింది. ఇది ఒక్క ఈ మాటలో జరిగినది కాదు, ఆ భాష అంతటా జరిగిన మార్పు. ఇంగ్లీషు, జర్మన్, నార్స్ చేరిన జెర్మానిక్ శాఖలో అదే "క" కొన్నిచోట్ల "హ"గానూ, కొన్నిచోట్ల "గ"గానూ తేలింది, అందుకే "లాగు". రెండు మాటలు ఒకేలా వినిపించడం కాదు, తేడా ఉన్నా ఆ తేడా ప్రతి మాటలోనూ ఒకే పద్ధతిలో ఉండడమే బంధుత్వానికి గుర్తు.

అయితే ఇంగ్లీషు "లేక్" కూడా దీని బంధువేనా?

బంధువే, కానీ నేరుగా కాదు. ఇంగ్లీషు ఆ మాటను పాత ఫ్రెంచి నుంచి తీసుకుంది. ఫ్రెంచికి అది లాటిన్ "లాకుస్" నుంచి వచ్చింది. అంటే లాఖ్, లేక్ ఒకే పూర్వికుడి సంతానం. ఒకటి కెల్టిక్ ఇంట పుట్టింది, మరొకటి లాటిన్ ఇంట పుట్టి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో స్థిరపడింది. ఇంగ్లీషువారికి అంతకు ముందు నుంచీ ఉన్న సొంత మాట "మియర్". విండర్మియర్ వంటి పేర్లలో అది మిగిలింది.

లాటిన్ "లాకుస్" నుంచే "లాకూనా" అనే మాట పుట్టింది. మొదట దానికి గుంట అని అర్థం. తర్వాత రాతప్రతిలో అక్షరాలు చెరిగి ఏర్పడిన ఖాళీని కూడా అలాగే పిలిచారు. ఇటాలియన్‌లో అది "లగూనా"గా మారి, వెనిస్ చుట్టూ ఉన్న లోతు తక్కువ సముద్రజలానికి పేరై, అక్కడి నుంచి ఇంగ్లీషులో "లగూన్" అయింది. మన పులికాట్‌ను ఇంగ్లీషులో లగూన్ అని రాసేవారు, తెలియకుండానే లాఖ్‌కు దూరపు చుట్టాన్ని వాడుతున్నారన్నమాట.

వేల్స్, బ్రిటనీ, కార్న్‌వాల్ భాషలు కూడా కెల్టిక్ భాషలే కదా, అక్కడ ఈ మాట ఉందా?

ఉంది, కానీ కథ కాస్త చిక్కుగా ఉంటుంది. వెల్ష్‌లో సరస్సుకు మామూలుగా వాడే మాట "హ్లిన్". ఇది లాఖ్‌తో కాక, గేలిక్‌లో మడుగు అనే అర్థమున్న "లిన్" అనే మాటతో జోడు. డబ్లిన్ నగరం పేరు ఆ "లిన్"తోనే ఏర్పడింది: "దువ్ లిన్", అంటే నల్ల మడుగు. లాఖ్‌కు జోడుగా కనిపించే వెల్ష్ మాట "హ్లూఖ్"; అది వాడుకలో తక్కువ, ఊళ్ల పేర్లలో ఎక్కువ. కామర్థెన్‌షైర్‌లో టాలీ అనే ఊరి వెల్ష్ పేరు టాలఅహ్లఖై. "సరస్సుల మొగ" అని దాని అర్థం. ఊరి పక్కన నిజంగానే రెండు సరస్సులున్నాయి.

చిక్కు ఎక్కడంటే, అచ్చుల మధ్య "క" వెల్ష్‌లో "గ" కావాలి, "ఖ" కాకూడదు. "హ్లూఖ్" ఈ నియమాన్ని పాటించడం లేదు. అందువల్ల ఇది వెల్ష్‌కు వారసత్వంగా వచ్చినది కాదని, ఐరిష్ సముద్రం దాటి వచ్చిన అరువుమాట కావచ్చని పండితులు భావిస్తారు. కార్నిష్‌లో "లోఖ్" అంటే సముద్రపు పాయ. కార్న్‌వాల్‌లోని లూ అనే రేవు పట్టణం పేరు దాని నుంచే వచ్చింది. బ్రెటన్‌లోనూ మడుగు అనే అర్థంలో "లోఖ్" ఉంది. అయితే బ్రిటనీలో లొక్రొనాన్, లొక్‌మరియా వంటి పేర్లలోని "లొక్" వేరు. అది లాటిన్ "లోకుస్" నుంచి, పుణ్యస్థలం అనే అర్థంలో వచ్చినది. బ్రిటనీ మ్యాపు చూసేవారు తరచుగా జారేది ఇక్కడే.

ఐరోపా ప్రధాన భూభాగంలో ఈ మాటకు ఉన్న జాడలలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒకటి స్విట్జర్లండ్‌లో ఉంది. జెనీవా సరస్సు తూర్పు కొసన, ఇప్పటి విల్నవ్ ఊరు ఉన్నచోట, రోమన్ల కాలపు దారుల పట్టికల్లో పెన్నోలుకోస్ అనే పేరు కనిపిస్తుంది. గాల్ దేశపు (నేటి ఫ్రాన్స్, దాని చుట్టుపక్కల ప్రాంతం) కెల్టిక్ భాషలో "పెన్" అంటే తల, "లుకోస్" లేదా "లొకోస్" అంటే సరస్సు. స్కాట్లండ్‌లో పలుచోట్ల ఉన్న కిన్‌లాఖ్ అనే ఊరి పేరుకు కూడా సరిగ్గా అదే అర్థం: "కిన్" తల, లాఖ్ సరస్సు. అక్కడి "ప"కు గేలిక్‌లో "క" రావడం కూడా నియమం ప్రకారమే. ఆల్ప్స్ పాదాల దగ్గర ఒకరు, స్కాట్లండ్ కొండల్లో ఒకరు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, సరస్సు కొసన ఉన్న ఊరికి ఒకే పేరు పెట్టుకున్నారు.

ఐర్లండ్‌లో అక్షరాలు ఎందుకు వేరుగా ఉంటాయి?

ఐరిష్‌లో రాసినా, స్కాట్లండ్ గేలిక్‌లో రాసినా అక్షరాలు ఒకటే. ఇంగ్లీషులో రాసినప్పుడు మాత్రం ఐర్లండ్ పేర్లకు చివర "సీ-హెచ్" బదులు "యు-జి-హెచ్" వాడతారు. ఒకప్పుడు ఇంగ్లీషులోనూ ఒరుసుకునే "ఖ" ధ్వని ఉండేది. రాత్రికి, కాంతికి వాడే ఇంగ్లీషు మాటల మధ్యలో నేడు పలకని "జి-హెచ్" ఆ ధ్వని కోసం పెట్టినదే. ఐరిష్ లాఖ్‌ను ఇంగ్లీషువారు ఆ పద్ధతిలో రాసుకున్నారు. పలుకుబడి మాత్రం రెండింటికీ ఒకటే.

ఐర్లండ్‌లోనూ అర్థం అంతే విశాలమైనది. సుమారు 390 చదరపు కిలోమీటర్ల లాఖ్ నే మంచినీటి సరస్సు. బెల్‌ఫాస్ట్ లాఖ్, లాఖ్ ఫొయిల్ సముద్రపు పాయలు. ఇంగ్లండ్ ఉత్తర కొసన హేడ్రియన్ గోడ పక్కనున్న క్రాగ్ లాఖ్ కూడా ఈ కోవలోదే, కానీ నార్తంబర్లండ్ వారు దాన్ని "లాఫ్" అని పలుకుతారు. లఫ్‌బరా పట్టణం పేరులో అవే అక్షరాలున్నా దానికీ నీటికీ సంబంధం లేదు. అది లుహ్హెడె అనే మనిషి పేరు మీద వచ్చిన ఊరు.

జర్మన్‌లో "లోఖ్" అంటే రంధ్రం అంటారు. గొయ్యి, రంధ్రం ఒకటే కదా, ఇవి బంధువులు కావా?

కావు. రాతలోనూ పలుకులోనూ దాదాపు ఒకేలా ఉన్నా ఇవి వేర్వేరు మాటలు. జర్మన్ "లోఖ్" మూయడం అనే అర్థమున్న జెర్మానిక్ ధాతువు నుంచి వచ్చింది. మూసి ఉంచిన చోటు అనే భావం మీదుగా రంధ్రమయింది. తాళానికి వాడే ఇంగ్లీషు "లాక్" దాని అసలు తోబుట్టువు. పైన చెప్పిన ధ్వని నియమం ఇక్కడ అక్కరకొస్తుంది: గేలిక్ లాఖ్‌కు జెర్మానిక్ భాషల్లో "హ" గానీ "గ" గానీ ఉన్న జోడు ఉండాలి. "లాగు"లో అది ఉంది, "లోఖ్"లో లేదు. చెవికి దగ్గరగా ఉన్నది పరాయిదయింది, దూరంగా ఉన్నది సొంతమయింది.

గేలిక్ లాఖ్, ఇంగ్లీషు "లాక్" పక్కపక్కనే కనిపించే చోటు ఒకటుంది. థామస్ టెల్ఫర్డ్ రూపకల్పనలో తయారై 1822లో తెరిచిన కాలెడోనియన్ కాలువ స్కాట్లండ్‌ను అడ్డంగా కోస్తూ లాఖ్ లాఖీ, లాఖ్ ఓయిఖ్, లాఖ్ నెస్‌లను కలుపుతుంది. పడవలను ఎత్తుకు ఎక్కించడానికీ పల్లానికి దించడానికీ ఆ కాలువ మీద 29 లాకులున్నాయి. గోదావరి, కృష్ణా డెల్టాల వారికి లాకు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకులు అందరూ ఎరిగినవే. మన "లాకు" తాళపు లాక్ సంతతి, గేలిక్ లాఖ్ సంతతి కాదు.

తెలుగు "లోతు"తో గానీ, మరే తెలుగు మాటతో గానీ దీనికి చుట్టరికం ఉందా?

లేదు. "లోతు" మన "లో", "లోపల" అనే మాటల కోవలోనిది. వాటికి తమిళంలోని "ఉళ్"తో పాటు ద్రావిడ మూలం ఉంది. నీరు, లోతు అనే భావాల దగ్గరితనం వల్ల కలిగే పోలిక కాకతాళీయం.

అయితే ఇంగ్లీషులో ఇంకో "లేక్" ఉంది, అది మాత్రం మన దేశం నుంచి వెళ్లినది. చిత్రకారులు వాడే "క్రిమ్సన్ లేక్" వంటి రంగుల పేర్లలోని "లేక్"కు సరస్సుతో సంబంధం లేదు. అది "లాక్", సంస్కృత "లాక్షా", అంటే మన లక్క. మహాభారతంలో పాండవుల కోసం కట్టిన లక్క ఇంటి లక్కే అది. లక్క పురుగుల నుంచి తీసిన ఎర్ర రంగు పేరు ఐరోపా చేరి, అలా తయారుచేసే రంగులన్నిటికీ వర్తించింది.

సముద్రపు లాఖ్, నార్వేలోని ఫ్యోర్డ్ ఒకటేనా?

భూమి చరిత్ర రీత్యా చాలావరకు ఒకటే. మంచుయుగంలో హిమానీనదాలు లోయలను లోతుగా తొలిచాయి. మంచు కరిగాక వాటిలోకి సముద్రం వచ్చి చేరింది. హిమానీనదం ఆగిన చోట తరచుగా నీటి కింద ఒక రాతి గట్టు మిగులుతుంది. దాని పనిని కంటితో చూడాలంటే లాఖ్ ఎటివ్ ముఖద్వారం దగ్గర, కానెల్ వంతెన కింద చూడవచ్చు. బయట సముద్రంలో పోటు తీసినప్పుడు నీటిమట్టం త్వరగా పడిపోతుంది, కానీ ఇరుకైన మొగలోంచి లాఖ్‌లోని నీరు అంత త్వరగా ఖాళీ కాలేదు. అప్పుడు లోపలి నీరు బయటి నీటికంటే ఎత్తున నిలిచి, రాతి గట్టు మీదుగా నురగలు కక్కుతూ, సుడులు తిరుగుతూ సముద్రంలోకి దూకుతుంది. మళ్లీ పోటు వచ్చినప్పుడు ప్రవాహం ఎదురు తిరుగుతుంది. ఫాల్స్ ఆఫ్ లోరా అని పిలిచే ఈ ఉప్పునీటి జలపాతాన్ని చూస్తే, సముద్రంతో కలిసి ఉన్నా దాన్ని లాఖ్ అని ఎందుకన్నారో అర్థమవుతుంది.

వైకింగులు ఈ తీరాలకు వచ్చినప్పుడు తమ ఇంటి మాటతోనే పిలిచారు. ఉత్తర ఐర్లండ్‌లోని స్ట్రాంగ్‌ఫర్డ్ లాఖ్ పేరులో మొదటి సగం నార్స్: బలమైన ప్రవాహమున్న ఫ్యోర్డ్. దానికి చివర లాఖ్ చేరింది కనుక ఒకే నీటికి రెండు భాషల్లో రెండు మాటలు ఒకే పేరులో కుదురుకున్నాయి. ఇక లాఖ్ లాంగ్ పేరులోని "లాంగ్"ను ఇంగ్లీషు మాటగా తీసుకుని "పొడవైన సరస్సు" అనుకునేవారు చాలామంది. గేలిక్‌లో "లాంగ్" అంటే ఓడ. నార్వే రాజు హాకోన్ చరిత్ర చెప్పే సాగాలో కూడా దీన్ని "ఓడల ఫ్యోర్డ్" అనే అన్నారు. 1263లో ఆ రాజు మనుషులు లాఖ్ లాంగ్ కొస నుంచి ఓడలను నేల మీద ఈడ్చుకుంటూ తీసుకుపోయి లాఖ్ లోమండ్‌లో దించి, అక్కడి దీవులను కొల్లగొట్టారు. ఆ దారి చివర ఉన్న ఊరి పేరు టార్బెట్. ఓడలను మోసుకుపోయే దారి అనేదే ఆ మాటకు అర్థం.

లాక్లన్ అనే పేరు కూడా దీని నుంచే వచ్చిందా?

నార్వేను ఐరిష్‌లో "లాఖ్లన్" అనేవారు. ఆ దేశం నుంచి వచ్చినవాడు అనే భావంతో ఆ పేరు ఏర్పడింది. లాఖ్‌ల దేశం అని దానికి అర్థం చెప్పడం వాడుకలో ఉంది, అది అందంగానే ఉంటుంది. కానీ 9వ శతాబ్దపు ఐరిష్ రాతల్లో ఆ దేశం పేరు "లాథ్‌లిన్" వంటి రూపంలో కనిపిస్తుంది కాబట్టి, లాఖ్ అనే అర్థం తర్వాత జనం కల్పించుకున్నదని అనుకోవడమే సమంజసం. 1810 నుంచి 1821 వరకు న్యూ సౌత్ వేల్స్ గవర్నరుగా ఉన్న లాక్లన్ మెక్వారీ వల్ల ఈ పేరు ఆస్ట్రేలియాలో బాగా స్థిరపడింది.

"లాఖన్" అంటే?

చిన్న లాఖ్. గేలిక్‌లో "అన్" చేరితే చిన్నది అని అర్థం వస్తుంది. చిత్రమేమిటంటే స్కాట్లండ్ గేలిక్‌లో లాఖ్‌కు బహువచనం కూడా "లాఖన్" అనే ఉంటుంది. సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ఆ దేశంలో ఇలాంటివీ పెద్దవీ కలిపి ముప్పై వేలకు పైగా ఉన్నాయి. సర్ జాన్ మరే, లారెన్స్ పుల్లర్ ఆధ్వర్యంలో జరిగి 1909లో ముగిసిన సర్వేలో వాటిలో 562 లాఖ్‌ల లోతును కొలిచారు. అన్నిటికంటే లోతైనది లాఖ్ మోరర్, సుమారు 310 మీటర్లు. నీటి పరిమాణంలో మొదటిది లాఖ్ నెస్. ఇంగ్లండ్, వేల్స్‌లలోని మంచినీటి సరస్సులన్నిటినీ కలిపినా అందులో ఉన్నంత నీరు ఉండదు. మనలో చాలామందికి లాఖ్ నెస్ అంటే 1933 తర్వాత పత్రికలకెక్కిన వింత జంతువే గుర్తొస్తుంది. ఆ సరస్సుకు పేరు అందులోంచి పారే నెస్ నది వల్ల వచ్చింది.

స్కాట్లండ్‌లో "లేక్" అని పిలిచే సరస్సు ఒక్కటే ఉందంటారు, నిజమేనా?

మనుషులు తవ్వించిన కొన్నిటిని పక్కన పెడితే, ఆ పేరుతో ప్రసిద్ధమైనది లేక్ ఆఫ్ మెంటీథ్ ఒక్కటే. 1547లో నాలుగేళ్ల స్కాట్లండ్ రాణి మేరీని ఇంగ్లండ్ సేనలకు చిక్కకుండా కొన్ని వారాలు దాచిన ఇంచ్‌మహోమ్ మఠం ఈ సరస్సు దీవి మీదే ఉంది. పాత రాతల్లో దీన్ని కూడా లాఖ్ అనే అన్నారు. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన స్కాట్స్ భాషలో పల్లపు నేలను "లేఖ్" అంటారు. ఆ ప్రాంతపు పల్లానికి ఉన్న ఆ పేరును మ్యాపులు గీసినవారు "లేక్"గా విన్నారన్నది తరచుగా చెప్పే వివరణ. మ్యాపు మీదికి ఎక్కిన పేరు మళ్లీ దిగడం కష్టం.

బ్రిటన్, ఐర్లండ్ బయట ఈ మాట వినిపిస్తుందా?

గేలిక్ మాట్లాడేవారు వలస వెళ్లిన కెనడాలోని నోవా స్కోషియాలో లాఖ్ లోమండ్ ఉంది. ఆస్ట్రేలియాలో మాత్రం ఈ మాట ఓడ ఎక్కి వెళ్లింది. గ్లాస్గోకు చెందిన ఒక నౌకా సంస్థ తన ఓడలన్నిటికీ లాఖ్‌ల పేర్లు పెట్టేది. వాటిలో లాఖ్ ఆర్డ్ అనే ఓడ 1878 జూన్ 1న విక్టోరియా తీరంలో రాతికి కొట్టుకుని మునిగిపోయింది. అందులోని 54 మందిలో టామ్ పియర్స్, ఈవా కార్‌మైకేల్ అనే ఇద్దరే బతికారు. వారు ఒడ్డుకు చేరిన కొండచీలికను ఇప్పుడు లాఖ్ ఆర్డ్ గార్జ్ అంటారు. మెల్‌బోర్న్‌లోని తెలుగువారు గ్రేట్ ఓషన్ రోడ్డు మీద వెళ్లినప్పుడు చూసే పేరు అదే; అక్కడ సరస్సు కోసం వెతకనక్కరలేదు.

తెలుగులోకి ఎలా అనువదించాలి?

మంచినీటిదైతే "సరస్సు" అనవచ్చు. సముద్రంతో కలిసినదైతే "సముద్రపు పాయ" అనడం మేలు. పులికాట్‌ను పోల్చి "ఉప్పునీటి సరస్సు" అంటే తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే పులికాట్ ఇసుక మేటల వెనుక నిలిచిన లోతు తక్కువ నీరు, సముద్రపు లాఖ్ కొండల మధ్య తొలిచిన లోతైన నీరు. ఊరి పేరుగా, నీటి పేరుగా వచ్చినప్పుడు అనువదించకుండా లాఖ్ అనే ఉంచి, మొదటిసారి మాత్రం "లాఖ్ నెస్ సరస్సు", "లాఖ్ ఫైన్ పాయ" అని పక్కన వివరం చేర్చడం మంచిది. లాఖ్‌కు సరస్సు చేరిస్తే ఒకే అర్థం రెండుసార్లు వస్తుందన్న అభ్యంతరం ఉంది, కానీ చదివేవారికి అది ఏ రకం లాఖ్ అన్నది తెలియడం అంతకంటే ముఖ్యం.